ఖాళీగా వదిలేసిన గడి

సభకు పెద్దగా కూర్చున్న మిల్లు బోర్డు అధ్యక్షులు డొమెనిక్ ఫవేరో గారికీ, వేదిక మీద ఉన్న డైరెక్టర్లకూ, విరాబీ నదికి ఇవతలా అవతలా చెరకు పండిస్తూ ఈ సహకార మిల్లును తమ సొంత ఇంటిలా చూసుకుంటున్న రైతు మిత్రులకూ, బాయిలరు దగ్గర నుంచి పట్టాల మరమ్మతు దాకా ముప్పై అయిదేళ్లుగా నాతో కలిసి పనిచేసిన కార్మిక సోదరులకూ, ఇవాళ మనకోసం వండి ఇంకా వంటింటి తలుపు దగ్గరే నిలబడి ఉన్న క్యాంటీన్ ఆడపడుచులకూ, మీ నోరీన్ టబోన్ నమస్కారాలు. అక్కడ నిలబడకండి, లోపలికి వచ్చి కూర్చోండి. మూడో బల్ల దగ్గర కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకు మాట్లాడటం రాదని మీకందరికీ తెలుసు. ముప్పై అయిదేళ్లలో నేను ఈ మైకు ముందుకు వచ్చింది రెండే సార్లు. మొదటిసారి, పార్కింగు స్థలంలో లైట్లు ఆర్పకుండా వదిలేసిన కారు నంబరు చెప్పడానికి. (నవ్వులు) ఆ కారు కూడా నాదే. (నవ్వులు) రెండోసారి ఇది. బోర్డువారు నాకు చక్రాల పెట్టె బహూకరించారు, చాలా సంతోషం. మా తాత మాల్టా నుంచి చెరకు నరకడానికి ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చుకున్న పెట్టెకు చక్రాలు లేవు, అందుకే ఆయన తిరిగి వెళ్లలేదని మా నాన్న అనేవాడు. నేనూ ఎక్కడికీ వెళ్లను, ఈ నది ఒడ్డునే ఉంటాను, కనుక ఆ పెట్టెలో దుప్పట్లు పెట్టుకుంటానంటే బోర్డువారు ఏమీ అనుకోవద్దు.

ఇందాక డొమెనిక్ గారు నన్ను పరిచయం చేస్తూ చాలా మంచి మాటలు అన్నారు. కొన్నిటికి నేను అర్హురాలినే అనుకుంటున్నాను. వారం వారం జీతాలు ఒక్కసారీ ఆలస్యం చేయలేదన్నది నిజం. రికోటా జున్ను పెట్టిన పఫ్‌లు బాగా చేస్తానన్నది కూడా నిజం. కానీ, "నోరీన్ లెక్క ఏనాడూ తప్పలేదు" అని ఒక మాట అన్నారు చూడండి, ఆ మాట అలా వదిలేసి కూర్చుంటే నాకు భోజనం సహించదు. ఆ మాట తప్పని చెప్పడానికే నేను ఈ కాగితాలు రాసుకుని వచ్చాను. కొంచెం ఓపిక పట్టండి.

ఇక్కడ కొత్తగా చేరినవాళ్లు, పిల్లలు ఉన్నారు కాబట్టి నా పని ఏమిటో ముందు చెబుతాను. మిల్లు దగ్గర ఏటా కొంత డబ్బు ఉంటుంది, దాని కోసం పది చేతులు ముందుకొస్తాయి. ఒకరు కొత్త యంత్రం అంటారు, ఒకరు కొత్త గోదాము అంటారు. ఏది కొంటే ఎక్కువ లాభమో తేల్చి బోర్డుకు చెప్పాలి. దానికి మా దగ్గర మూడు కొలతలు ఉన్నాయి. పెట్టిన డబ్బు ఎన్నేళ్లలో తిరిగి వస్తుందన్నది మొదటిది, అందరికీ అర్థమయ్యేది. ఏడాదికి నూటికి ఎంత వంతున గిట్టుబాటవుతుందన్నది రెండోది. మూడోది మేం ఎక్కువగా నమ్మేది, నికర ప్రస్తుత విలువ అంటాం. ఇవాళ చేతికి వచ్చే వంద డాలర్లూ వచ్చే ఏడాది వచ్చే వంద డాలర్లూ ఒకటి కాదు కదా, ఈ వందను బ్యాంకులో వేసుకున్నా కొంత పెరుగుతుంది. అందుకని రాబోయే ఏళ్ల డబ్బును, దూరాన్ని బట్టి తగ్గించి, ఇవాళ్టి ధరకు తెచ్చి, అన్నీ కూడి, అందులోంచి పెట్టుబడి తీసేస్తాం. మిగిలితే మంచి పని, మిగలకపోతే చెడ్డ పని. మన మిల్లు ఏడాదికి నూటికి తొమ్మిది వంతున తగ్గించేది. ఆ లెక్కన ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే డాలరు ఇవాళ పద్దెనిమిది సెంట్లు.

డబ్బుకు ఇది సరైన కొలతే, ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే ఆ కాగితంలో రాబోయే లాభం చిక్కిపోయినట్టే రాబోయే కష్టం కూడా చిక్కిపోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఏడవబోయే మనిషి ఏడుపు కూడా ఇవాళ పద్దెనిమిది సెంట్లే. ఈ సంగతి నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

రెండు వేల తొమ్మిదో సంవత్సరం, ఫిబ్రవరి నెల. అప్పట్లో మన రైలు పట్టాల పర్యవేక్షకుడు లెస్ కార్మొడీ. పాతవాళ్లకు గుర్తుండే ఉంటాడు, పోయి నాలుగేళ్లయింది. ఆయన ఒకరోజు పొద్దున్నే, కాళ్లకు బురదతోనే నా గదిలోకి వచ్చి, జేబురుమాల్లో చుట్టిన ఒక చెక్క ముక్కను నా బల్ల మీద పెట్టాడు. చెరకు రైలు నది దాటే పాత వంతెన నాలుగో స్తంభంలోంచి తీశానన్నాడు. పైకి నల్లగా, గట్టిగా ఉంది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని దాని పక్కన గుచ్చాడు. పెన్ను మూత దాకా దిగిపోయింది.

"పైన చూస్తే ఏమీ తెలీదు అమ్మాయ్. కుళ్లంతా లోపలే."

ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగాను.

"అయిదేళ్లు నిలవచ్చు, పదిహేనేళ్లు నిలవచ్చు. నీకు అంకె లేకపోతే పని జరగదుగా, బండి మీదుండగా కూలే అవకాశం ఏడాదికి యాభైలో ఒక వంతు అని రాసుకో. అది కూడా నేను దేవుణ్ణి కాను, నోటికొచ్చింది చెబుతున్నా."

ఆ ఏడాది మా దగ్గర అరవై లక్షల డాలర్లు ఉన్నాయి. కొత్త వంతెనకు యాభై నాలుగు లక్షలు కావాలి. అదే సమయంలో చెరకు చీల్చే కొత్త యంత్రం కావాలని ఫ్యాక్టరీవాళ్లు అడిగారు, దానికి యాభై ఎనిమిది లక్షలు. రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన పెట్టాను. అదే పద్ధతి. యంత్రం వస్తే అదే చెరకులోంచి ఎక్కువ చక్కెర వస్తుంది, ఏడాదికి పదిహేను లక్షలు మిగులుతాయి, నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది, మూడో కొలతలో అరవై రెండు లక్షల పైచిలుకు మిగులు. వంతెన వస్తే ఏం వస్తుంది? మరమ్మతుల ఖర్చు ఏడాదికి రెండు లక్షలు తగ్గుతుంది, అంతే. పాత వంతెన మీద వెళ్లే చెరకే కొత్త వంతెన మీదా వెళుతుంది. ఒక్క బస్తా చక్కెర కూడా పెరగదు. మూడో కొలతలో ముప్పై మూడు లక్షలు లోటు తేలింది.

ఆ కాగితంలో చివర ఒక వరస ఉండేది. "ప్రమాదం జరిగితే నష్టం." ఆ వరసలో గడులు ఉంటాయి. ఇంజను పోతే ఎంత, చెరకు మోసే తొట్లు పోతే ఎంత, మిల్లు ఆగితే రోజుకు ఎంత, అన్నీ రాశాను. అవి ఇన్సూరెన్సువాళ్లు ఇచ్చేవే కాబట్టి లెక్కలో చివరికి తేడా ఏమీ రాలేదు. ఆఖరి గడి మనిషిది.

ఆ గడి దగ్గర నేను ఆగాను. ఎందుకంటే "మనిషి" అంటే ఎవరో నాకు తెలుసు. ఆ మార్గంలో పగటి బండి నడిపేది ఎడ్రిక్ సాలో. ఎడ్రిక్ ప్రతి గురువారం జీతాల కిటికీ దగ్గరికి వచ్చి, పన్ను ఎందుకు కోశావని నన్ను పోలీసులా విచారించేవాడు. నేను చెప్పినదంతా విని, "సరే, ఈ వారానికి నమ్ముతున్నా" అని, వాళ్ల పెరట్లో కాసిన మామిడిపండు ఒకటి కిటికీలో పెట్టి వెళ్లేవాడు. వాళ్ల ముత్తాతను సముద్రం అవతలి దీవుల నుంచి పడవలో ఎత్తుకొచ్చి ఇక్కడ చెరకు నరికించారు. ఆ ముత్తాతకు కూడా ఎవడో ఒకడు ఒక ధర రాసుకునే ఉంటాడు. నేను ఎడ్రిక్‌కు ధర రాయలేకపోయాను. పరిహారం కింద చట్టం ఇచ్చేది దాదాపు అయిదు లక్షలని తెలుసు. ఆ అంకె వేయడానికి చేతులు రాలేదు. అది నీచమైన పని అనిపించింది. గడి ఖాళీగా వదిలేశాను. నన్ను నేను చాలా మర్యాదస్తురాలిని అనుకున్నాను.

కంప్యూటరుకు మర్యాద తెలీదు. ఖాళీ గడిని అది సున్నా కింద కూడింది. అలా కూడుతుందని నాకు తెలుసు.

మార్చి నెలలో బోర్డు సమావేశం జరిగింది. నేనే కాగితాలు చదివాను. "ఈ గడి ఖాళీగా ఉందేంటి నోరీన్?" అని ఒకరు అడిగారు. డొమెనిక్ గారూ, అది మీరే. మిమ్మల్ని నిందించడానికి చెప్పడం లేదు, అడిగింది మీరొక్కరే కాబట్టి చెబుతున్నాను. నేనేమన్నానంటే, "అది లెక్కకు అందే విషయం కాదండీ." గదిలో అందరూ గంభీరంగా తలలూపారు. తర్వాత యంత్రానికి చేతులెత్తారు. ఎత్తని చేయి ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం లెస్ మళ్లీ వచ్చాడు. వంతెన అడగలేదు. కుళ్లిన ఆరు స్తంభాలకు పక్కన ఇనుప కాళ్లు నిలబెడితే మూడున్నర లక్షలవుతుంది, అదైనా ఇప్పించమన్నాడు. యంత్రం పోగా మిగిలింది రెండు లక్షలు. లక్షన్నర తక్కువ. వచ్చే ఏడాది మొదటి పని అదే చేద్దామన్నాను. నిజంగానే అన్నాను. వచ్చే ఏడాది వానలకు పంట నాశనమైంది, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఆ పై ఏడాది లెస్ రిటైరయ్యాడు. అడిగే మనిషి లేకపోయేసరికి ఇనుప కాళ్ల మాట నా జాబితాలోంచి జారిపోయింది. ఎవరూ కొట్టేయలేదు. నేను కొత్త జాబితా రాసేటప్పుడు ఎక్కించలేదు, అంతే.

రెండు వేల పదకొండు అక్టోబరు, పొద్దున పదకొండు దాటింది. మిల్లు ఆడుతున్నప్పుడు నా గది నేల సన్నగా అదురుతూ ఉండేది, అది అలవాటై మాకు తెలిసేది కాదు. ఆ రోజు ఆ అదురు ఆగింది. కొత్త యంత్రానికి చెరకు అందక ఖాళీగా తిరుగుతున్న గుంయ్‌మనే శబ్దం ఒక్కటే వినిపించింది. ఆ శబ్దం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అంత మంచి యంత్రం కొన్నాం మరి, ఏనాడూ ఆగలేదు.

నాలుగో స్తంభం ఇంజను బరువుకు కూర్చుండిపోయింది. తొంభై తొట్ల చెరకు వెనక నుంచి నెట్టింది. నదిలో నడుము లోతు నీళ్లు కూడా లేవు. ఎడ్రిక్‌కు యాభై రెండేళ్లు. ఇంజను మీద ఇరవై ఆరేళ్లు పనిచేశాడు.

అతని భార్య మేవిస్ అప్పుడు ఇదే వంటింట్లో మధ్యాహ్నం షిఫ్టుకు రొట్టెలు కోస్తోంది. ఆమెకు చెప్పడానికి నలుగురం వెళ్లాం. చెప్పింది నేను కాదు, నేను వెనకాల నిలబడ్డాను. ఆమె కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మిగిలిన రొట్టెల మీద తడిగుడ్డ కప్పింది. తర్వాత మాతో వచ్చింది.

విచారణ జరిగింది. చెక్క లోపల కుళ్లిందని, బయటికి కనబడదని తేల్చారు. మిల్లుకు జరిమానా వేశారు. నా కాగితం కూడా అక్కడికి వచ్చింది. ఆ గడి సంగతి వకీలు అడిగాడు. అందరూ ఒప్పుకున్న అంకె ఏదీ లేదు గనక ఖాళీగా ఉంచానని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆయన సరేనని పేజీ తిప్పాడు. ఆ పేజీ తిప్పిన చప్పుడుకు నా ప్రాణం లేచి వచ్చిందని మీ ముందు ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఏడు నెలల్లో కొత్త వంతెన కట్టాం. డెబ్భై ఒక్క లక్షలైంది. పెట్టుబడి ఎన్నేళ్లలో తిరిగి వస్తుందని, నూటికి ఎంతని ఎవరూ నన్ను అడగలేదు. ఒక్క కాగితం కూడా తయారు చేయలేదు. చేతులెత్తారు, కట్టేశారు.

ఆ తర్వాత ఒక ఆదివారం చర్చికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని ఆ పాత కాగితం తీసి, ఖాళీ గడిలో అయిదు లక్షలు వేశాను. లెస్ చెప్పిన యాభైలో ఒక వంతు ప్రకారం కలిపితే, మూడో కొలతలో మారింది లక్ష డాలర్లు. వంతెన అప్పటికీ ఓడిపోయింది. ఎంత వేస్తే గెలుస్తుందో చూద్దామని వెనక్కి లెక్క కట్టాను. ఎడ్రిక్ విలువ నాలుగు కోట్ల డెబ్భై లక్షల డాలర్లు అయితే తప్ప వంతెన ఆ యంత్రాన్ని గెలవదు. అంత వేసి ఉంటే మీరు నన్ను చూసి నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. అంటే గడి నింపినా ఎడ్రిక్ బతికేవాడు కాదు. నా తప్పు గడి దగ్గర జరగలేదు, అంతకు ముందే జరిగింది. వంతెననూ యంత్రాన్నీ ఒకే కాగితం మీద పెట్టి ఏది ఎక్కువ సంపాదిస్తుందని అడిగాను చూడండి, అక్కడ జరిగింది. లాభం తెచ్చే రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. మనుషులు దాటే వంతెనను దేనితోనూ పోల్చకూడదు. దాన్ని బాగు చేయాలి, లేదా మూసేయాలి.

ఇది చెప్పడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఈ సభ ఉందనగానే, మేవిస్‌కు తెలియకుండా ఈ మాట ఇక్కడ చెప్పకూడదనుకుని పోయిన వారం వాళ్లింటికి వెళ్లాను. అంతా చెప్పాను. ఆమె నాకు టీ పోసి ఇచ్చి, తను తాగకుండా విన్నది. విని, ఏమందో ఆమె అనుమతితోనే చెబుతున్నాను.

"ఆయనకు తెలుసు నోరీన్. ఆ వంతెన ఎక్కగానే ఇంజను తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టుకుని నడిపేవాడు. మూడేళ్లు అట్లాగే దాటాడు. ఇంటికొచ్చి నాకు చేసి చూపించేవాడు, ఇట్లా అని."

తలుపు ఉన్న వైపుకే ఇంజను ఒరిగిందన్నది మా ఇద్దరికీ తెలుసు.

క్షమించమని అడిగాను. ఆమె నా ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టింది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేను. నువ్వు మాత్రం అక్కడ చెప్పు. ఆ చేతులెత్తినవాళ్లు కూర్చుని ఉండగా చెప్పు. ఏడవకు. నువ్వు ఏడిస్తే వాళ్లు లేచొచ్చి నిన్ను ఓదారుస్తారు, దాంతో అయిపోతుంది."

అందుకే నేను ఈ కాగితాల్లోంచి చదువుతున్నాను. ఎవరూ లేవకండి.

డొమెనిక్ గారు గడియారం చూస్తున్నారు. ఇది విందు కదా నోరీన్ అంటున్నారు. అవునండీ, విందే. రెండు నిమిషాల్లో ముగిస్తాను. మీ మనసు నొచ్చుకుంటే మన్నించండి, ముప్పై అయిదేళ్లు మీరు నాకు అన్నం పెట్టారు.

గురువారం బోర్డు సమావేశం ఉంది. జాబితాలో రెండు పనులున్నాయి. ఒకటి చక్కెర సంచులు నింపే కొత్త యంత్రాలు. రెండోది రెండో నంబరు బాయిలరు గొట్టాలు మార్చడం, ముప్పై ఒక్క లక్షలు. గొట్టాలు పలచబడ్డాయని కొలిచి చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఈ ఏడాదికి అనుమతి ఇచ్చాడు, నిజమే. వంతెనకు కూడా అనుమతి ఉండేది. రెండిటినీ పోల్చి పెట్టమని నాకు మూడుసార్లు కాగితం తిరిగి వచ్చింది. సంచుల యంత్రాలకు మూడు కొలతలూ వేసి ఇచ్చాను, మంచి పెట్టుబడే, కొనుక్కోండి. బాయిలరుకు కొలతలు వేయలేదు. దానికి విడిగా ఒక కాగితం ఇచ్చాను. అందులో అంకెలు లేవు. "గొట్టాలు మార్చాలి. మార్చేదాకా బాయిలరు వెలిగించకూడదు" అని ఒక్క వాక్యం, కింద నా సంతకం. ఈ మిల్లులో నేను చేసిన చివరి సంతకం అదే. దాన్ని తీసేసి ఇంకొకరి చేత ఇంకో కాగితం రాయించుకునే అధికారం మీకుంది, నేను ఆపలేను. కానీ ఈ హాల్లో ఇప్పుడు రెండు వందల మంది విన్నారు.

(అధ్యక్షులు: "గురువారం చూద్దాం నోరీన్.")

గురువారం నేనుండను డొమెనిక్ గారూ. అదిగో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న అయిదుగురు ఉంటారు. టెవిటా, బ్రెండన్, వాళ్ల షిఫ్టువాళ్లు. ఆ రోజు పొద్దున ఆరు గంటలకు రెండో నంబరు బాయిలరు ముందు నిలబడేది వాళ్లే. డైరెక్టర్లకు వేదిక మీద ప్రత్యేకంగా భోజనం వేశారని తెలుసు. నా విన్నపం ఒక్కటే. ఈ పూటకు మీ పళ్లేలు పట్టుకుని కిందికి దిగి ఆ బల్ల దగ్గర కూర్చుని తినండి. వాళ్ల పిల్లల పేర్లు అడగండి. తిని వెళ్లి గురువారం మీకు తోచినట్టు చేతులెత్తండి.

నాకు పని ఇచ్చిన మిల్లుకూ, నమ్మిన మీకందరికీ, నా మాట ఇంతసేపు విన్నందుకూ కృతజ్ఞతలు. నన్ను నమ్మి నష్టపోయినవాళ్లకు కృతజ్ఞత చెప్పే మాట నా దగ్గర లేదు. వంటలు చల్లారుతున్నాయి, ఇక నేను దిగుతాను. మీ అందరి దగ్గరా సెలవు.

(చప్పట్లు లేవు. కొంతసేపటికి డొమెనిక్ ఫవేరో తన పళ్లెం తీసుకుని మెట్లు దిగారు. మిగిలిన డైరెక్టర్లలో ఇద్దరు ఆయన వెనక వెళ్లారు. నలుగురు కూర్చునే ఉన్నారు.)